తవుడుకు కొన్న బిడ్డ

మలయా వెళ్ళేనాటికి నాకు పెళ్ళి కాలేదు. బి.ఏ. పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేలోపు ఉన్న సెలవుల్లో, హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి మద్రాసులో ఓడ ఎక్కాను. వాళ్ళలో ఒకమ్మాయి అన్నగారు కౌలాలంపూర్‌లో రైల్వే ఉద్యోగి. ఆయన్ని చూడడానికి వాళ్ళమ్మగారు బయలుదేరుతుంటే, మేమూ వస్తామని ఆవిడ వెంటపడి ఒప్పించాం. రెండో ఆమె గుంటూరు పిల్ల. ఓడలో అందరం తల ఎత్తలేక పడి ఉంటే, తను మాత్రం పైకి వెళ్ళి సముద్రాన్ని చూస్తూ పాటలు పాడుకునేది.

ప్రయాణం స్థిరపడ్డాక మా అమ్మ ఒక ఆవకాయ జాడీ నా పెట్టె పక్కన పెట్టి, "అక్కడ నీకో పిన్ని ఉంది," అంది. అంతవరకు ఆ సంగతి నాకు తెలియదు.

ఆవిడ మా అమ్మకు పినతండ్రి కూతురు. బాగా చిన్నప్పుడే తల్లిదండ్రులతో విశాఖపట్నంలో ఓడెక్కి, బటాంగ్ బెర్జుంటై దగ్గరి రబ్బరు తోటకు వెళ్ళిందట. తోటలో జ్వరాలకు తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోతే, కౌలాలంపూర్ కాన్వెంటు సిస్టర్లు తెచ్చి పెంచారు. ఆ కాన్వెంటు గుడికి నేల పరచడానికి వచ్చిన ఇటలీ మనిషిని పెళ్ళి చేసుకుంది. అప్పటినుంచీ మావాళ్ళు ఆవిడ మాట ఎత్తడం మానేశారు.

"దాని పుట్టింటి గడపలోంచి ఇంతవరకు ఒక్కరూ వెళ్ళి చూడలేదే," అంది అమ్మ. "నువ్వైనా వెళ్ళు."

పిన్ని ఇల్లు బ్రిక్‌ఫీల్డ్స్‌లో, రైల్వే ఇళ్ళ వెనక వరసలో ఉండేది. దగ్గరలో ఇటుకల బట్టీలు. ఆకుల మీద, గడపల మీద, ఆరేసిన బట్టల మీద ఎర్రటి దుమ్ము. మేం ముగ్గురం వెళ్ళేసరికి వాకిట్లో వెదురుబొంగు మీద ఏవో తెల్లటి తాళ్ళు వేలాడుతున్నాయి. దగ్గరికి వెళ్తే పిండి వాసన వచ్చింది.

"సేమ్యా ఏమిటే ఇంత లావు!" అంది గుంటూరు స్నేహితురాలు.

లోపలినుంచి ఒకావిడ వచ్చింది. మలయా ఆడవాళ్ళలా నడుముకు చుట్టిన సరోంగు, పైన రవిక, భుజం మీద చిన్న కండువా. మనిషి అచ్చం మా అమ్మలా నిలబడింది, ఒక చెయ్యి నడుమున పెట్టుకుని. అమ్మ రాసిన ఉత్తరం ముందే అందినట్టుంది, మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"మీలో మా అప్ప కూతురు ఎవులమ్మా?"

"నేనే పిన్నీ," అంది గుంటూరు పిల్ల వెంటనే.

"అబద్ధం ఆడకలా. మా అప్ప నోట్లోంచి ఇంత జోరుగా మాటొస్తాదేటి? ఇదిగో, ఈ బెదురు మొకమే మాది," అని నా గడ్డం పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండానే నన్ను లోపలికి తీసుకుపోయింది.

ఇంటి నేల మాత్రం నేను ఏ జమీందారు ఇంట్లోనూ చూడనంత అందంగా ఉంది. పని జరిగిన చోట మిగిలిన చలువరాతి ముక్కలన్నీ తెచ్చి బాబాయి పరిచాడట. ఆయన దొర అంటే దొర కాదు, రాతిపనివాడు. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు చూశాను. సున్నానికి పగిలిన చేతులు, మోకాళ్ళ దగ్గర అరిగిపోయిన పంట్లాం. నన్ను చూపించి పిన్ని మలయా భాషలో ఏదో చెప్పగానే, ఆయన టోపీ తీసి, పెద్ద అధికారికి పెట్టినట్టు వంగి నమస్కారం పెట్టాడు.

"మీ బాబాయికి తెలుగు మూడు ముక్కలొచ్చు. అన్నం, నీలు, ఎల్లు. మూడోది నాకాడ నేర్చినాడు," అంది పిన్ని.

ఆ ఇంట్లో ఇంకొకావిడ ఉండేది. బాబాయి అక్క. భర్త పోతే తమ్ముడి దగ్గరికి ఇటలీనుంచి వచ్చేసింది. ఆ ఎండలో కూడా మెడనుంచి పాదాల దాకా నల్లబట్టలే. వెదురుబొంగు మీద పిండితాళ్ళు ఆవిడవే. మలయా గాలికి అవి ఎన్నాళ్ళకీ ఆరవని పిన్ని నవ్వింది. ఆవిడ ఇటలీ భాషలో ఏదో అంటుంది, పిన్ని తెలుగులో జవాబు చెబుతుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినా చేపలు తోముకుంటూ, బియ్యం ఏరుకుంటూ అలా గంటలు గడిపేవాళ్ళు. పిన్ని ఆవిడను ఒదినమ్మా అని పిలిచేది. ఆవిడ పలికేది కూడా.

పంచలో సరోంగుతో కట్టిన ఉయ్యాలలో పాప ఉంది. రెండు నెలలు దాటి ఉంటాయి. తెల్లగా, నల్లటి జుట్టుతో, పెదాలు ముడుచుకుని నిద్రపోతోంది. చొక్కాకు ఎర్రటి పగడపు పుల్ల ఒకటి గుచ్చి ఉంది. దిష్టి తగలకుండా వదినమ్మ తమ దేశంనుంచి తెచ్చిందట.

"పేరేమిటి పిన్నీ?"

"ఇంకా పెట్టలేదు," అంది పిన్ని. నన్ను కూచోబెట్టి, "మీ అమ్మకి ఎంతమంది పుట్టినారు?" అని అడిగింది.

"ముగ్గురం."

"ఎంతమంది ఉన్నారు?"

"ముగ్గురం ఉన్నాం."

"ఒక్కటీ పోలేదేటి? కడుపులో గాని?"

"లేదు పిన్నీ."

ఆవిడ నేల మీద చతికిలబడిపోయింది. కండువాతో ముఖం తుడుచుకుని, "దేవుడే అంపినాడు నిన్ను," అంది.

అప్పుడు చెప్పింది. ఈ పాపకు ముందు ముగ్గురు పుట్టి, ముగ్గురూ ఏడాది నిండకుండా పోయారు. పిల్లలు నిలవనివాళ్ళు మా వైపు ఒకటి చేస్తారు. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి, గుప్పెడు తవుడుకు ఇంకొకరికి అమ్మేస్తారు. అప్పటినుంచి ఆ బిడ్డ కొన్నవాళ్ళది, కన్నతల్లి పాలిచ్చి పెంచే మనిషి మాత్రమే. ఆ తల్లి పిల్లల కోసం వచ్చే చావుకు ఆ ఇంట్లో ఆవిడ బిడ్డ కనబడదు. ఊళ్ళో తవుడు పేరుతో పిలిచే మనుషుల్ని నేనూ ఎరుగుదును. కానీ కొనేవాళ్ళు తల్లి పుట్టింటివాళ్ళై ఉండాలి, వాళ్ళ ఇంట్లో ఒక్క బిడ్డ కూడా పోయి ఉండకూడదు. అది పిన్నికి వాళ్ళమ్మ చెప్పిన మాట.

"ఇక్కడ తోటల్లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కదా పిన్నీ?"

"ఉన్నారు. పిల్ల పోని ఇల్లు ఏటున్నాది? ఒక్కటి సూపించు, ఇప్పుడే పోయి అమ్మేస్తాను."

పిన్ని, బాబాయి, వదినమ్మ ముగ్గురూ ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళేవాళ్ళే. నేనూ క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్నే, తర్కశాస్త్రం చదివినదాన్నే. అయినా ఏం అనగలను? మంచం కిందనుంచి ఆవిడ ఒక బిస్కెట్ల డబ్బా లాగింది. నిండా తవుడు. కోళ్ళకు వేసేది చీనా కొట్లో కొనుక్కొచ్చి, పాప పుట్టిన దగ్గరనుంచీ దాచి పెట్టిందట, కొనే మనిషి ఏనాటికైనా రాకపోతుందా అని.

నన్ను గడప బయట నిలబెట్టి గుప్పెడు తవుడు చేతిలో పోసింది. తను లోపల చేట పట్టుకుని నిలబడింది. చేటలో పాప కళ్ళు తెరిచి చూస్తోంది.

"ఏటి కావాలమ్మా?" అంది పిన్ని, నేనెవరో తెలియనట్టు.

ఏం చెప్పాలో ముందే నేర్పింది. "పిల్ల కావాలి."

"ఏటిచ్చి కొంటావు?"

"గుప్పెడు తవుడు."

"ఈ నల్ల మొకంది, ఏడుపుగొట్టుది, దీనికి గుప్పెడు తవుడెందుకు, సిటికెడు సాలు. తీసుకుపో, నాకు పీడ ఇరగడైపోద్ది."

చేటలో ఉన్న పాప వెన్నముద్దలా ఉంది. నా వెనక గుంటూరు పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "నల్ల మొహమట!" అని కిసుక్కున నవ్వింది. వంటింటి గుమ్మంలో వదినమ్మ పిండి చేతులతో నిలబడి, ఏదో పవిత్ర కార్యమని మాత్రం గ్రహించి, సిలువ గుర్తు వేసుకుంది. పాప నా చేతుల్లోకి రాగానే పరుగున వచ్చి నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. నా మొహమంతా పిండి.

సాయంత్రం బాబాయికి చెబితే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "మంచి బేరం చేశావు," అన్నాడు నాతో, తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో తమాషా మొదలైంది. మేం వెళ్ళినప్పుడల్లా పిన్ని నన్ను పట్టుకుని, "అమ్మా, నీ పిల్ల ఏడుస్తున్నాది. పాలిమ్మంటావా?" అని అడిగేది.

"ఇవ్వు పిన్నీ."

"నీలు పొయ్యమంటావా?"

"పొయ్యి పిన్నీ."

"ఏం తల్లివే నువ్వు!" అనేది గుంటూరు పిల్ల. "డిగ్రీ ఇంకా చేతికి రాలేదు, పిల్ల మాత్రం వచ్చేసింది. మీ అమ్మగారికి తంతి కొట్టనా?"

నేను లేని రోజుల్లో కూడా పిన్ని గోడవైపు తిరిగి, "అమ్మా, నీ పిల్లకి పాలిస్తున్నాను," అని చెప్పి మరీ ఇచ్చేదట. వదినమ్మ పాపను ఎత్తుకుని ముద్దుచేస్తుంటే, పిన్ని ముఖం పక్కకు తిప్పుకునేది. ఒకసారి మాత్రం చూశాను. పెరట్లో ఎవరూ లేరనుకుని, పాప అరికాళ్ళు రెండూ తన పెదాలకు ఆనించుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. నా అడుగుల చప్పుడు వినగానే, "ఎంత బరువున్నాదో సూడు నీ పిల్ల, సేతులు పడిపోతున్నాయి," అంది.

పెనాంగ్ వెళ్దామని మావాళ్ళు అనుకుంటున్న రోజుల్లో పాపకు జ్వరం వచ్చింది. పిన్ని మేమున్న ఇంటికి నడిచి వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, "నీ పిల్లకి ఒల్లు కాలిపోతున్నాది. డాక్టరుకి సూపించమంటావా?" అంది. గొంతులో తమాషా లేదు.

డాక్టరు క్వినైన్ ఇచ్చాడు. జ్వరం తగ్గింది, మళ్ళీ వచ్చింది. పెనాంగ్ ప్రయాణం రోజున నేను రానన్నాను.

"నువ్వుండి ఏం చేస్తావే? నీకు మందులు తెలుసా, మాకులు తెలుసా?" అంది గుంటూరు పిల్ల. తర్వాత నా ముఖం చూసి, "సరే, ఉండు. మేం తొందరగా వచ్చేస్తాం," అంది.

నేనుండి చేసింది ఏమీ లేదు. పిన్ని అడిగిన ప్రతిదానికీ అవునన్నాను. తడిగుడ్డ వెయ్యమంటావా? వెయ్యి. వదినమ్మ ఏదో నూనె రాస్తానంటున్నాది, రాయనిమ్మంటావా? రాయనీ. ప్రతిసారీ నా కళ్ళలోకి చూసి, నేను ఒప్పుకునే దాకా ఆగేది. ఆ చూపు తట్టుకోలేకపోయేదాన్ని. నా నోటిమాటలో పాప ప్రాణం ఉన్నట్టు చూసేది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, పైకప్పు రేకుల మీద వాన దబదబా కురుస్తుండగా పాప వదినమ్మ ఒడిలో పోయింది. ముందుగా తెలుసుకున్నది ఆవిడే. ఆ కేకకు పక్కిళ్ళ వాళ్ళు వానలో తడుస్తూ వచ్చేశారు. ఆవిడ జుట్టు విప్పుకుని, తలను గోడకు కొట్టుకుంది. బాబాయి పనిలోంచి వచ్చి, తడిసిన టోపీ రెండు చేతులతో పిండుతూ, నోరు తెరుచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పిన్ని ఏడవలేదు. పాపను తుడిచి, శుభ్రమైన గుడ్డ కప్పింది. నేను మూలన కూచుని ఏడుస్తుంటే వచ్చి నా పక్కన కూచుంది. నా తల తన భుజానికి ఆనించుకుని, వీపు రాస్తూ, "ఏడవకమ్మా. పోనాది, నీ పిల్ల పోనాది. ఏటి సేస్తాం? నీకు అంతే రాసున్నాది. సిన్నదానివి, నీకు మల్లా పుడతారులే," అంది.

నేను బిత్తరపోయి ఆవిడ ముఖంలోకి చూశాను. బాధలో మతి చెడి అంటోందనుకున్నాను. కాదు. ఆ కళ్ళు నిబ్బరంగా ఉన్నాయి. ఇరుగుపొరుగు ఇంట్లో చావు జరిగితే ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్ళు ఎలా కూచుంటారో అలా కూచుంది.

వదినమ్మ అది చూసింది. పొడి కళ్ళతో ఉన్న మరదలిని చూసి ఇటలీ భాషలో గట్టిగా ఏదో అంది. బాబాయి ముఖం పాలిపోయింది. వాన తగ్గాక పెరటి మెట్ల మీద నన్ను నిలబెట్టి, "ఆవిడకు గుండె లేదంటోంది మా అక్క. నా భార్య ఎందుకు ఏడవదు? తక్కిన ముగ్గురికీ ఏడ్చింది," అని అడిగాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ మెట్ల మీద ఖర్చుపెట్టాను. అమ్మేసిన బిడ్డను నాది అంటే అమ్మకం చెడిపోతుంది. తను ఏడిస్తే, ఆ బిడ్డ తనదేనని చెప్పినట్టు. అది విని, ఇంకా పుట్టని బిడ్డను కూడా వెతుక్కుంటూ చావు మళ్ళీ ఇదే గడపకు వస్తుంది. అందుకని ఏడవదు.

ఆయన నవ్వుతాడనో, మండిపడతాడనో అనుకున్నాను. చాలాసేపు తన పగిలిన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి అక్కకు చెప్పాడు. ఆవిడ పూర్తిగా విన్నది. లేచి, మరదలి దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా మెడ చుట్టూ చేతులు వేసి, నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనే తల్లినన్నట్టు ఏడ్చింది. ఆవిడ భుజం మీదుగా పిన్నిని చూశాను. అటు తిరిగి, పొయ్యి మీద నీళ్ళు పెడుతోంది.

మర్నాడు పాతిపెట్టేటప్పుడు నన్ను గుంట అంచున నిలబెట్టారు. ఒక పక్క బాబాయి, ఒక పక్క వదినమ్మ. పిన్ని గేటు దగ్గర, కాన్వెంటునుంచి వచ్చిన ఆడవాళ్ళలో కలిసి నిలబడింది. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడు కండువాను ఎదమీదికి లాక్కుంటోంది. రవిక రెండు వైపులా తడిసి ఉంది. పాలు. ఆ తడి కండువాలోకి కూడా పాకుతుంటే, ఆవిడ రెండు చేతులూ కట్టుకుని అదిమిపట్టుకుంది. ముఖంలో ఒక్క కండరం కదలలేదు.

నేనక్కడ ఉండలేకపోయాను. అందరూ వెళ్ళాక, దారిలో ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"పిన్నీ, నీ పిల్లను నువ్వు తీసేసుకో. నేను తిరిగిచ్చేస్తున్నాను. ఆ తవుడేదో నాకిచ్చెయ్యి, బేరం రద్దు చేద్దాం. ఒక్కసారి ఏడువు పిన్నీ."

ఆవిడ ముఖం ఒక్క క్షణం మారింది. నోరు తెరిచింది. ఇక ఏడుస్తుందనే అనుకున్నాను. కానీ తల అడ్డంగా ఊపింది.

"నాకొద్దు తల్లీ. నాను తీసుకుంటే నాకిది నాలుగోది అయిపోద్ది. నీకాడైతే ఒక్కటే గదా. నీకాడే ఉండనీ."

అంతే అంది. ఇంటికి పోయాక నాకు అన్నం పెట్టింది. తినేదాకా ఎదురుగా కూచుంది.

పెనాంగ్‌నుంచి తిరిగి వచ్చిన గుంటూరు స్నేహితురాలు సంగతి విని నా పెట్టె తనే సర్దింది. తిరుగు ఓడలో పాటలు పాడలేదు. క్లాంగ్ దగ్గరి రేవుకు బాబాయి, వదినమ్మ ఇద్దరే వచ్చారు. పిన్నికి ఒంట్లో బాగోలేదన్నారు. వదినమ్మ గుడ్డలో చుట్టిన పిండితాళ్ళు ఇచ్చింది. ఓడలో వాటికి బూజు పట్టింది.

మా అమ్మకు ఇదంతా చెప్పలేదు. పిన్ని బాగుందని, బాబాయి మంచివాడని, వాళ్ళింటి నేల అందంగా ఉందని చెప్పాను. ఆ తర్వాత నాకు పెళ్ళయింది. నా భర్తకు మలయా అంటే ఓడ, రబ్బరు చెట్లు, నేను వర్ణించిన వానలు.

పోయిన ఏడు స్నేహితురాలి అన్నగారు సెలవు మీద వచ్చినప్పుడు, పిన్నికి కొడుకు పుట్టాడని, వాడు నడుస్తున్నాడని చెప్పాడు. ఆ మాట వినగానే నా ఒళ్ళు తేలికపడింది. వెంటనే చల్లబడింది కూడా. అప్పటికి నాకు ఐదో నెల.

ఆ తవుడు బేరం మీద నాకు నమ్మకం లేదనే అంటాను. నమ్మకపోతే పిన్ని ఏడుపంతా ఊరికే మింగినట్టు. నమ్మితే, ఆ పోయిన బిడ్డ నా లెక్కలోదే, చావుకు తెలిసిన గడప ఇప్పుడు నాది. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలని ఎంత చదువు చదివిన బుర్రతో ఆలోచించినా తేలదు. ఈ మధ్య రాత్రిళ్ళు దీపం చిన్నది చేసి, నా పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఊపిరి వెచ్చగా తగులుతుంది. రెండు వాక్యాలు రాసి మళ్ళీ వెళ్ళి చూస్తాను.

ఈ పాప పుట్టిన రోజున నొప్పులు మొదలై ఆసుపత్రికి వెళ్ళినది పొద్దున పూట. నర్సు మంచి మనిషి, నలభై ఏళ్ళుంటాయి. చేతులు కడుక్కుంటూ, "తొలిచూలేనా అమ్మా?" అని అడిగింది. మా అమ్మ నా తల దగ్గర నిలబడి ఉంది. అవునండీ అని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది కూడా.

"కాదు, రెండోది," అన్నాను.

నా నుదుటి మీద ఉన్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మొదటిది?"

"ఆడపిల్ల. జ్వరంతో పోయింది."

"అయ్యో. ఎన్నో నెలలో?"

"మూడో నెల నడుస్తుండగా."

నర్సు తువ్వాలుతో చేతులు తుడుచుకుని వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "భయపడకు. ఈసారి బాగానే ఉంటుంది," అంది. కాసేపటికి అమ్మ చెయ్యి మళ్ళీ కదిలింది, నా జుట్టు నుదుటి మీదనుంచి వెనక్కి తీస్తూ. అప్పుడు నేను పిన్ని కోసం, పేరు పెట్టని ఆ పిల్ల కోసం, గట్టిగా ఏడ్చాను. నొప్పులకనుకుని నర్సు నా వీపు రాసింది.